తమ్ముణ్ని, అన్నని తీసుకెళ్లిన జబ్బుకి మందు తెచ్చిన మన సుబ్బారావు

ఇంట్లో మందుల డబ్బా ఉంటే ఒకసారి తెరిచి చూడండి. డాక్సీసైక్లిన్ స్ట్రిప్ ఒకటి కనబడొచ్చు. పోయినసారి జ్వరానికి వాడగా మిగిలిన మూడో నాలుగో మాత్రలు. స్ట్రిప్ వెనక నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని ఆ గీతకి అర్థం. మనలో ఎంతమందిమి దాన్ని పట్టించుకున్నాం?

ఆ మాత్ర టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు బయటికొచ్చిన ల్యాబ్‌కి పెద్దదిక్కుగా ఉన్నది భీమవరంలో పుట్టిన మన తెలుగాయన, యెల్లాప్రగడ సుబ్బారావు. జీకే బిట్‌గా ఈ పేరు మీరు చదివే ఉంటారు. ఒక మార్కు ప్రశ్న దాటి ఆయన గురించి తెలుసుకోవాల్సింది చాలా ఉంది. ముఖ్యంగా నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాలకి ప్రిపేర్ అవుతున్నవాళ్లకి. ఎందుకంటే ఆయన మొదలుపెట్టిన పనిలో చివరి సగం ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంటి నిండా పిల్లలు, డబ్బుకి ఇబ్బంది. తండ్రి జగన్నాథం ఆరోగ్యం దెబ్బతిని ఉద్యోగం నుంచి ముందే తప్పుకున్నారు. తల్లి వెంకమ్మకి మాత్రం కొడుకు చదువు మీద పట్టుదల. కుర్రాడికి ఆ పట్టుదల అప్పటికి లేదు. కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని, దారిలో పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు.

మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కారు. ఒక బ్యాక్‌లాగ్ మిగిలిందనో, ఒక నోటిఫికేషన్‌లో కటాఫ్ దాటలేదనో నెలల తరబడి ఎవరికీ మొహం చూపించని ఫ్రెండ్స్ మీకూ ఉండే ఉంటారు. వాళ్లకి ఈ ముక్క చెప్పండి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు రామకృష్ణ మిషన్ వైపు మనసు లాగింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేయడానికీ దారి ఉంటుందని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చుకి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చెయ్యందించారు.

కాలేజీలో ఇంకో చిక్కొచ్చింది. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు సర్జరీ తరగతికి ఖద్దరు కోటు వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువైన ఎల్‌ఎంఎస్. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పే పనిలో చేరారు.

రెండు చావులు

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ట్రాపికల్ స్ప్రూ. ఈ జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటికి పట్టదు. ఆగని విరేచనాలు, నోటి పూత, రక్తహీనత, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు. వైద్యం చదివిన తమ్ముడు ఇంట్లోనే ఉన్నా, అతని దగ్గర అన్నకి ఇవ్వడానికి ఏమీ లేదు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కథ చివర్లో మళ్లీ ఇక్కడికే రావాలి.

జబ్బుల మీద పరిశోధన చేయాలంటే అమెరికా వెళ్లాలని ఆయన నిర్ణయించుకున్నారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సర్దారు. కొన్నేళ్లలో తిరిగొస్తానన్న లెక్కతో 1920ల మొదట్లో భార్యని వదిలి ఓడెక్కారు. మళ్లీ రాలేదు. శేషగిరి జీవితమంతా ఎదురుచూపులోనే గడిచింది. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఈ మాట దాటేయకూడదు. ఆ పరిశోధన ఖర్చులో పెద్ద వాటా ఆమెదే.

రాత్రి ఆస్పత్రిలో, పగలు ల్యాబ్‌లో

బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో సీటు దొరికింది. స్కాలర్‌షిప్ లేదు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేశారు. అంటే వార్డులో పేషెంట్ల బెడ్‌పాన్లు, యూరిన్ డబ్బాలు శుభ్రం చేసే పని. చేతిలో మెడికల్ డిగ్రీ ఉన్న మనిషి! మందు ఎవరి ఒంట్లోకి వెళ్తుందో, అది పనిచేయకపోతే మంచం మీద ఏం జరుగుతుందో ఆయన అలా దగ్గర్నుంచి చూశారు.

డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినవాళ్లకి బాగా తెలుసు. ఆ కొలత చేతికొచ్చాకే అసలు రహస్యాలు తెరుచుకున్నాయి. కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీని 1929లో వేరుచేసి చూపించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా అదే పని చేశారు. 1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది.

ఇన్ని చేసినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీకి మారిపోయారు. యూనివర్సిటీ నుంచి కంపెనీకి వెళ్లడమంటే ఒక మెట్టు దిగడమని చాలామంది అనుకునే రోజులవి. ఆయన జీవితంలో ఎక్కువమంది ప్రాణాలు నిలబెట్టిన పనంతా ఆ తర్వాతి 8 ఏళ్లలోనే జరిగింది.

మిస్సౌరీ మట్టిలో బంగారం

1940ల మధ్యకి యాంటీబయాటిక్స్ పరిస్థితి ఇలా ఉంది. అంతకుముందే వచ్చిన సల్ఫా మందులు ఉన్నాయి. పెన్సిలిన్ వచ్చింది, కానీ అది ముఖ్యంగా ఒక వర్గం బ్యాక్టీరియా మీదే బాగా పనిచేసేది. 1944లో ప్రకటించిన స్ట్రెప్టోమైసిన్ క్షయకీ, పెన్సిలిన్‌కి లొంగని మరికొన్నిటికీ పనికొచ్చింది. రెండూ ఎక్కువగా సూదిమందులే. టైఫస్ లాంటి జ్వరాలకి ఈ రెంటిలో ఏదీ సరైన జవాబు కాదు. నోటితో తీసుకోగలిగి, రెండు వర్గాల బ్యాక్టీరియా మీదా పనిచేసే మందు ఒకటి కావాలి. సుబ్బారావు బృందం దానికోసం మట్టిని వెతకడం మొదలుపెట్టింది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు పక్కవాటిని చంపుకోవడానికి రకరకాల రసాయనాలు తయారుచేస్తాయి. వాటిలో మనకి పనికొచ్చేదాన్ని ఏరి పట్టుకోవాలి.

ఈ పనికి పెట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తని. అప్పటికే యూనివర్సిటీలో రిటైరైపోయి, 70 దాటిన మనిషి. ఉద్యోగానికి వయసైపోయిందని బయట పక్కన పెట్టేసిన మనిషికి ఇక్కడ ల్యాబ్ దొరికింది. తిరస్కరణ అంటే ఏంటో బాగా తెలిసిన సుబ్బారావు నీడలో ఇది జరగడం నాకు యాదృచ్ఛికం అనిపించదు.

చాలా చోట్ల నుంచి తెప్పించిన మట్టి నమూనాల్లో ఒకటి మిస్సౌరీ యూనివర్సిటీలోని శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రానిది. అందులో బంగారు రంగులో పెరిగే ఒక జీవి దొరికింది. అది తయారుచేసే పదార్థం పసుపు పచ్చగా ఉండేది. లాటిన్‌లో బంగారాన్ని ఆరం అంటారు కాబట్టి మందుకి ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. రసాయన నామం క్లోర్‌టెట్రాసైక్లిన్. 1948 జులైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల ముందు ప్రకటించారు. పరిశోధనా పత్రం మీద పేరు డగ్గర్‌ది. సుబ్బారావు పేరు లేదు. తన ల్యాబ్‌లో జరిగిన పనికి జట్టువాళ్ల పేరు ముందుంచడం ఆయనకి అలవాటు.

నెల తిరక్కుండానే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. ఆరియోమైసిన్‌కి అమెరికా ప్రభుత్వ అనుమతి ఆ డిసెంబరులో వచ్చింది.

ఒక మందు, ఒక కుటుంబం

తర్వాత ఆ కుటుంబం పెరిగింది. 1950లో ఆక్సీటెట్రాసైక్లిన్, ఆ వెనకే టెట్రాసైక్లిన్, 1960ల్లో డాక్సీసైక్లిన్ వచ్చాయి. ఇవన్నీ పనిచేసే తీరు ఒకటే. బ్యాక్టీరియా బతకడానికి ప్రొటీన్లు తయారుచేసుకోవాలి. ఆ ప్రొటీన్లు తయారయ్యే యంత్రం రైబోజోమ్. టెట్రాసైక్లిన్ దాని చిన్న భాగానికి అతుక్కుని పనిని ఆపేస్తుంది. మన కణాల్లోని రైబోజోమ్ నిర్మాణం వేరు కాబట్టి మనకి అంత హాని ఉండదు. బ్యాక్టీరియా పెరుగుదల ఆగిపోతుంది, మిగిలింది మన రోగనిరోధక శక్తి చూసుకుంటుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే పూర్తి కోర్సు ఎందుకు వాడమంటారో తెలుస్తుంది. మందు శత్రువుని కదలకుండా కట్టేసింది. జ్వరం తగ్గిందని మీరే మూడో రోజున కట్లు విప్పేస్తే ఎలా?

1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు జనం మెడికల్ షాపుల ముందు క్యూ కట్టింది టెట్రాసైక్లిన్ కోసమే. ఇవాళ మన ఆస్పత్రుల్లో స్క్రబ్ టైఫస్ అని తేలితే ముందుగా ఇచ్చేది డాక్సీసైక్లిన్.

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న విషయానికి రండి. ట్రాపికల్ స్ప్రూకి నేటి చికిత్స ఏంటో తెలుసా? రెండు మందులు కలిపి కొన్ని నెలలపాటు ఇస్తారు. ఒకటి టెట్రాసైక్లిన్. రెండోది ఫోలిక్ యాసిడ్. ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1945 ప్రాంతంలో ల్యాబ్‌లో తయారుచేసింది కూడా లెడర్లీలోని సుబ్బారావు బృందమే. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకి కావాల్సిన రెండు మందులూ ఆయన గదుల్లోంచే వచ్చాయి. పాతికేళ్లు ఆలస్యంగా!

వార్డులో మీ వంతు

స్టాఫ్ నర్స్ పోస్టులకి చదివేవాళ్లు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. మందు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని పేషెంట్ ఒంట్లోకి సరిగ్గా పంపడం ఇంకో ఎత్తు. పుస్తకంలో ఒక్కో మందునీ బట్టీ పట్టే బదులు, ఏ కుటుంబమో తెలుసుకుని దాని స్వభావం పట్టుకుంటే సులువు.

టెట్రాసైక్లిన్లతో మొదలుపెడదాం. ఇవి కాల్షియం, ఐరన్ లాంటి వాటికి అతుక్కుపోతాయి. పాలతోనో, గ్యాస్ మందుతోనో, ఐరన్ మాత్రతోనో కలిపి వేస్తే మందు పేగులోనే గడ్డకట్టినట్టయి రక్తంలోకి సరిగ్గా చేరదు. డాక్సీసైక్లిన్‌కి పాలతో ఇబ్బంది కాస్త తక్కువే కానీ ఐరన్, గ్యాస్ మందులతో ఎడం పాటించాల్సిందే. చార్టులో మందు ఇచ్చినట్టే ఉంటుంది, జ్వరం మాత్రం తగ్గదు. కాల్షియం మీద ఆ మోజు వల్లే ఎదిగే పిల్లల పళ్లలోకి చేరి శాశ్వతంగా రంగు మారుస్తాయి. అందుకే 8 ఏళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ మామూలుగా ఇవ్వరు. ప్రాణం మీదికొచ్చిన కొన్ని జబ్బుల్లో డాక్సీసైక్లిన్ కొద్ది రోజులు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. గ్లాసు నిండా నీళ్లతో మింగించాలి, వెంటనే పడుకోనివ్వకూడదు. లేకపోతే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. ఎండలో చర్మం తొందరగా కమిలిపోతుందని కూడా పేషెంట్‌కి చెప్పాలి. పాత రకం టెట్రాసైక్లిన్ గడువు దాటాక వాడినవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. డబ్బాలో మిగిలిన మాత్రలు దాచొద్దనేది అందుకే.

మిగతా కుటుంబాలు ఒక్కో వాక్యంలో:

• పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు బ్యాక్టీరియా గోడని కూలుస్తాయి. ఎలర్జీ ఉందా అని మొదటి డోస్‌కి ముందే అడగాలి, అడిగింది కేస్ షీట్‌లో రాయాలి. ఇచ్చాక కొంతసేపు పేషెంట్‌ని కనిపెట్టుకుని ఉండాలి.

• సెఫ్ట్రియాక్సోన్‌ని కాల్షియం ఉన్న ఆర్‌ఎల్ లాంటి సెలైన్‌తో కలపకూడదు. నెలలోపు పసికందుల్లో ఇది ప్రాణాంతకం.

• జెంటామైసిన్, అమికాసిన్ ప్రొటీన్ తయారీనే దెబ్బతీస్తాయి. కిడ్నీ, చెవి మీద కన్నేసి ఉంచాలి. మూత్రం తగ్గినా, చెవిలో గుయ్‌మని మోత వస్తోందన్నా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

• వాంకోమైసిన్ గ్రాముకి కనీసం గంట పట్టేలా నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే ఒళ్లు ఎర్రబడి బీపీ పడిపోవచ్చు.

• సిప్రోఫ్లాక్సాసిన్ కూడా పాలు, గ్యాస్ మందులతో పడదు. మడమ వెనక నరం నొప్పి అంటే తేలిగ్గా తీసుకోవద్దు.

• అజిత్రోమైసిన్ ఇచ్చేటప్పుడు గుండె లయ సమస్య ఉందేమో కేస్ షీట్ చూడాలి.

కల్చర్‌కి రక్తం తీయాలంటే, పరిస్థితి మరీ అత్యవసరం కాకపోతే, మొదటి డోస్‌కి ముందే తీయాలి. డోస్ పడ్డాక తీస్తే ఏ క్రిమో దొరక్కపోవచ్చు.

ఒక్క అక్షరం తేడా

సుబ్బారావు పనిలోంచే వచ్చిన ఇంకో పాఠం ఉంది. ఫోలిక్ యాసిడ్ మనం తిండి ద్వారా తెచ్చుకుంటాం. చాలా బ్యాక్టీరియా మాత్రం సొంతంగా వండుకోవాలి. సల్ఫా మందులు ఆ వంటనే ఆపేస్తాయి. ఫోలిక్ యాసిడ్ బాగా అర్థమయ్యాక సుబ్బారావు బృందం దాన్ని అడ్డుకునే మందులు కూడా తయారుచేసింది. వాటితోనే సిడ్నీ ఫార్బర్ 1947-48లో లుకేమియా ఉన్న పిల్లలకి మొదటిసారి తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించారు. ఆ వరసలోదే మెథోట్రెక్సేట్.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే ఇస్తారు. చీటీలో ఉన్న వారాన్ని రోజు అని చదివి రోజూ వేస్తే మనిషి చనిపోవచ్చు. ఇలాంటి పొరపాట్లు చాలా దేశాల్లో జరిగాయి. ఆ పేషెంట్‌కే ఇన్‌ఫెక్షన్ వచ్చిందని కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్ తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే రెండూ ఫోలిక్ యాసిడ్ దారినే మూస్తాయి. రెండు చీటీలు ఇద్దరు డాక్టర్లు రాసి ఉండొచ్చు. రెండూ ఒకేసారి చూసేది మందుల ట్రే పట్టుకున్న నర్స్, లేదా కౌంటర్‌లో ఉన్న ఫార్మసిస్ట్. అనుమానం వస్తే మందు ఆపి అడగడం మీ హక్కు, మీ డ్యూటీ కూడా.

మళ్లీ భీమవరం

ఆరియోమైసిన్ వచ్చిన కొద్దికాలానికే లెడర్లీలోనే ఇంకో సంగతి తెలిసింది. దాన్ని కొద్దికొద్దిగా కోళ్ల మేతలో కలిపితే కోళ్లు తొందరగా బరువు పెరుగుతున్నాయి. జబ్బు లేని జీవులకి యాంటీబయాటిక్ తినిపించడం అలా వ్యాపారమైంది. మరోపక్క 1950ల్లోనే జపాన్‌లో విరేచనాల బ్యాక్టీరియా సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒకేసారి లొంగకుండా పోయింది. బ్యాక్టీరియాలు ఒకదాని నుంచి ఒకటి ఆ విద్యని కాపీ కొట్టుకుంటాయని అప్పుడే అర్థమైంది.

సుబ్బారావు పుట్టిన భీమవరం ఇవాళ రొయ్యల సాగుకి పేరు. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు కనబడితే విదేశాలు సరుకు వెనక్కి పంపేస్తాయన్న సంగతి ఆ చుట్టుపక్కల రైతులకి బాగా తెలుసు. చెరువులో పోసినా, మేతలో కలిపినా, జలుబుకి మింగినా ఫలితం ఒకటే. మందు మొద్దుబారుతుంది. జలుబు వైరస్‌తో వస్తుంది, దాని మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. 2014 నుంచి చాలా శక్తిమంతమైన యాంటీబయాటిక్స్‌ని మన దేశంలో షెడ్యూల్ హెచ్1 కింద పెట్టారు. అవి అమ్మితే షాపువాళ్లు డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్‌లో రాయాలి. ఫార్మసీ ఉద్యోగంలో చేరితే ఆ రిజిస్టర్ మీ చేతికే వస్తుంది. కస్టమర్ పోతాడని ఆ పేజీ ఖాళీగా వదలాలో, వద్దో అప్పుడు మీరే తేల్చుకోవాలి.

సుబ్బారావుకి నోబెల్ రాలేదు. ఆయన తయారుచేసిన మందుల పెట్టెల మీద ఆయన పేరు లేదు. మెట్రిక్ తప్పారు, డిగ్రీలో తగ్గించారు, సర్కారు ఉద్యోగం రాలేదు, యూనివర్సిటీ పర్మనెంట్ చేయలేదు. మీలో కొందరికి ఈ వరసలో రెండు మూడు ఇప్పటికే జరిగి ఉంటాయి. రేపు మీకు వచ్చేది కాంట్రాక్ట్ నర్స్ పోస్టే కావచ్చు, చిన్న మెడికల్ షాపులో పనే కావచ్చు. అన్నకి ఇవ్వడానికి మందు లేక చేతులు కట్టుకు నిలబడ్డ రోజు ఆయనకి ఉంది. మీ ట్రేలో మందు ఉంది. అది ఎవరికి, ఎంత, ఎప్పుడు, దేనితో కలపకుండా ఇవ్వాలో చూసుకుని ఇవ్వండి. ఈలోగా, ఇంట్లో మందుల డబ్బాలో మిగిలిన ఆ నాలుగు మాత్రల సంగతి కూడా చూడండి.